‘మంచి’ అనే ఒక్క మాటతో రష్యన్ విశేషణాలు పట్టుకోవడం ఎలా?

మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్లే మన పిల్లలకు అక్కడ దిగిన రోజు నుంచే చెవిన పడే మాట ఒకటుంది: ‘ఖరషో’. హాస్టల్ వార్డెన్ అంటుంది, టీచర్ అంటారు, షాపులో అమ్మాయి అంటుంది. సరే, బాగుంది, అలాగే అని దాని అర్థం. దీన్ని అందరూ రెండు రోజుల్లో నేర్చుకుంటారు. ఇబ్బంది మొదలయ్యేది దాని పక్కనున్న అసలు విశేషణంతో. ‘ఖరోషియ్’ అంటే మంచి. వాక్యం మారేకొద్దీ అది ‘ఖరోషయ’ అవుతుంది, ‘ఖరోషెవ’ అవుతుంది, ‘ఖరోషిమి’ అవుతుంది. క్లాసులో చెప్పేది ఇంగ్లీషులోనైనా, వార్డులో పేషెంటు మాట్లాడేది రష్యనే కదా. అక్కడికి వెళ్లే నాటికి ఈ రూపాలు నోటికి రాకపోతే చాలా టెన్షన్ పడాల్సి వస్తుంది.

జూనియర్లకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఒక్క విషయం పట్టుబట్టి చెబుతాను. ఈ మాటను ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవద్దు, నేరుగా తెలుగులోంచి నేర్చుకోండి. ఇంగ్లీషు దారి చుట్టూ తిప్పుతుంది, పైగా కొన్నిచోట్ల తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకో అడుగడుగునా చూపిస్తాను.

రష్యన్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలో, చెవికి వినబడేలా రాస్తున్నాను. ఎక్కడ దీర్ఘం కనిపిస్తే అక్కడ ఊనిక అనుకోండి, అంటే ఆ అక్షరాన్ని ఒత్తి పలకాలి. పక్కన మీ రష్యన్ పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్కో మాటనూ ఆ లిపిలో కూడా రాసుకుంటూ చదవండి.

మొదటి మెట్టు: ముందు నోరు తిప్పండి

మొదటి అక్షరం మన ‘ఖ’ కాదు. ‘ఖడ్గం’లో ఉన్న ఖ పలికితే రష్యన్లకు అది ‘క’లాగే వినిపిస్తుంది. గొంతులోంచి గాలి రాసుకుంటూ రావాలి. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘ఖాన్’, ‘ఖబర్’ అంటారు చూడండి, ఆ ఖ. పాతబస్తీ స్నేహితులు ఉన్నవాళ్లకు ఇది ముందే వచ్చేసి ఉంటుంది.

తర్వాత వచ్చే ‘ష’ మనకు అచ్చంగా కలిసొచ్చేది. ‘భాష’లో లాగా నాలుక కొన వెనక్కి మడిచి పలికే ష ఇది. రష్యన్‌లో మెత్తటి ‘శ్శ’ లాంటి అక్షరం వేరే ఉంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లు ఈ రెంటినీ కలిపేసి అవస్థ పడతారు. శ, ష తేడా చిన్నప్పుడే దిద్దుకున్నవాళ్లం కాబట్టి మనకు ఆ బాధ లేదు, ఆ తేడాను శ్రద్ధగా పలికితే చాలు.

ష తర్వాత ఒక చిన్న మెలిక ఉంది. రష్యన్‌లో ‘ఇ’లు రెండు. ఒకటి మామూలు ఇ, రెండోది నాలుకను లోపలికి లాగి పలికేది. రాతలో ష పక్కన మామూలు ఇ అక్షరమే రాయాలి, రెండోది రాస్తే స్పెల్లింగ్ తప్పు. పలికేటప్పుడు మాత్రం లోపలి ఇ నే పలకాలి. రాసేది ఒకటి, పలికేది ఒకటి. ఇది మొదటిరోజే మనసులో పెట్టుకుంటే తర్వాత దిద్దుకునే పని ఉండదు.

ఇక ఊనిక. రష్యన్ లిపిలో ‘ఖరోషియ్’కూ ‘ఖరషో’కూ మొదట్లో ఉన్నవి అవే అక్షరాలు: ఖొ, రొ. ఊనిక పడని ‘ఒ’ మాత్రం ‘అ’లా పలుకుతుంది. విశేషణంలో ఊనిక నడిమి అక్షరం మీద ఉంది కాబట్టి ఖ-రో-షియ్. ‘బాగా’ అనే మాటలో అది చివరికి జరిగింది కాబట్టి ఖ-ర-షో. పుస్తకంలో కనిపించినట్టే ‘ఖొరొషొ’ అని చదివితే అర్థమవుతుంది కానీ, విన్నవాళ్ల ముఖంలో ఒక్క క్షణం ఆలోచన కనిపిస్తుంది.

రెండో మెట్టు: ‘మంచి’ ఎప్పుడు, ‘బాగా’ ఎప్పుడు

తెలుగులో ‘మంచి డాక్టర్’ అంటాం, ‘బాగా చదువుతాడు’ అంటాం. వీటిని ఎవరూ కలపరు. రష్యన్‌లోనూ అంతే. మంచి అయితే ‘ఖరోషియ్’, బాగా అయితే ‘ఖరషో’. ‘వి ఖరషో గవరీతె ప రూస్కి’ అంటే మీరు రష్యన్ బాగా మాట్లాడుతున్నారు అని. నాలుగు ముక్కలు మాట్లాడగానే అక్కడి పెద్దవాళ్లు ఈ మాట అంటారు, విన్నప్పుడు చాలా సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ‘నాకు బాగుంది’ అని రష్యన్‌లో చెప్పాలంటే ‘మ్న్యే ఖరషో’ అనాలి. ‘మ్న్యే’ అంటే ‘నాకు’. నేను అనే మాటకు వాళ్లూ ‘కి-కు’ విభక్తి పెట్టారు, మనలాగే. ఒంట్లో బాగోలేకపోతే ‘మ్న్యే ప్లోఖ’. ఇంగ్లీషులో ఆలోచించేవాడు ఇక్కడ ‘నేను’తో మొదలుపెడతాడు. తెలుగులో ఆలోచించేవాడికి వాక్యం తనంతట తానే వస్తుంది.

దీనికి పక్కనే ఒక గొయ్యి ఉంది. ‘కాక్ దిలా?’ అంటే ఎలా ఉన్నారు అని పలకరింపు. దానికి కొత్తవాళ్లు చాలామంది ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కకు ముక్క మార్చి ‘యా ఖరోషియ్’ అంటారు. దానర్థం ‘నేను మంచివాణ్ణి’ అని! బాగున్నారా అని అడిగితే ఎవరైనా ‘నేను మంచివాణ్ణండీ’ అంటారా? ‘ఖరషో’ అనండి, లేదా ‘ఫ్స్యో ఖరషో’ అనండి. అంతా బాగుంది అని అర్థం. ఎదుటివారిని అడగాలంటే ‘ఉ వాస్ ఫ్స్యో ఖరషో?’ మీకంతా బాగేనా అన్నట్టు.

మూడో మెట్టు: ‘మంచివాడు, మంచిది, మంచివాళ్లు’

‘తెలుగులో విశేషణం మారదు, రష్యన్‌లో మారుతుంది, అందుకే కష్టం’ అని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. ‘మంచి’ మారదు, నిజమే. కానీ ‘అతను మంచివాడు, అది మంచిది, వాళ్లు మంచివాళ్లు’ అంటున్నప్పుడు మనం చేస్తున్నదేమిటి? లింగాన్ని, వచనాన్ని బట్టి మార్చడమే కదా. రష్యన్ చేసేదీ అదే: ‘ఓన్ ఖరోషియ్’ అంటే అతను మంచివాడు, ‘అనా ఖరోషయ’ అంటే ఆమె మంచిది, ‘అనీ ఖరోషియె’ అంటే వాళ్లు మంచివాళ్లు. ఇంకో సంగతి చూశారా? వాక్యం చివర ‘ఉంది’ అని చెప్పే క్రియ తెలుగులోనూ లేదు, రష్యన్‌లోనూ లేదు.

తేడా ఎక్కడంటే, రష్యన్‌లో నామవాచకం ముందున్నప్పుడు కూడా ఈ మార్పు ఉంటుంది. ‘మంచి స్నేహితుడు’ అనకుండా ‘మంచివాడు స్నేహితుడు’, ‘మంచి స్నేహితుడికి’ అనకుండా ‘మంచివాడికి స్నేహితుడికి’ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదీ రష్యన్ పద్ధతి. ఇది బుర్రకెక్కితే ఇక మిగిలినదంతా సాధనే.

రెండో తేడా, వాళ్లకు లింగాలు మూడు, వస్తువులకు కూడా ఉంటాయి. సాధారణంగా మాట హల్లుతో ఆగితే పుంలింగం, ‘అ’ అక్షరంతో ముగిస్తే స్త్రీలింగం, ‘ఒ’ లేదా ‘ఎ’ అక్షరంతో ముగిస్తే నపుంసకం. ఇక్కడ చెవిని కాక రాతను నమ్మాలి, ఎందుకంటే ఊనిక లేని చివరి ‘ఒ’ కూడా ‘అ’లాగే వినిపిస్తుంది. ‘దోమ్’ అంటే ఇల్లు, పుంలింగం. ‘క్నీగ’ అంటే పుస్తకం, స్త్రీలింగం. ‘స్లోవ’ అంటే మాట, రాతలో చివర ఒ ఉంది కాబట్టి నపుంసకం.

మెడిసిన్ పిల్లలకైతే నేను నాలుగు వాక్యాలు కంఠస్థం చేయమంటాను. నాలుగూ ఆసుపత్రివే.

‘అపితీత్ ఖరోషియ్’. ఆకలి బాగుంది. పుంలింగం.
‘పామ్యత్ ఖరోషయ’. జ్ఞాపకశక్తి బాగుంది. హల్లుతో ఆగినట్టు వినిపించినా ఇది స్త్రీలింగమే.
‘సమచూస్త్వియె ఖరోషెయె’. ఒంట్లో బాగుంది. నపుంసకం.
‘అనాలిజి ఖరోషియె’. టెస్టుల రిపోర్టులు బాగున్నాయి. బహువచనం.

పట్టిక చదివితే మర్చిపోతారు, పేషెంటు మంచం పక్కన నిలబడి అన్న మాట మర్చిపోరు. గబగబా మాట్లాడేటప్పుడు ఊనిక లేని ఈ తోకలు ఒకదానితో ఒకటి కలిసిపోయి వినిపిస్తాయి. ‘ఖరోషయ’ అన్నారా, ‘ఖరోషెయె’ అన్నారా అని చెవికి స్పష్టంగా తెలియదు. కంగారు వద్దు. పక్కనున్న నామవాచకాన్ని పట్టుకోండి, అదే చెబుతుంది.

కొన్ని మాటలు రూలుకు లొంగవు. ‘పాప’ అంటే నాన్న. చివర అ ఉన్నా నాన్న మగవాడే కాబట్టి ‘ఖరోషియ్ పాప’. కాఫీని ‘కోఫె’ అంటారు. ఎ తో ముగిసినా శిష్ట భాషలో పుంలింగమే, ‘ఖరోషియ్ కోఫె’. దీన్ని నపుంసకంగా వాడేవాళ్లు మీకు కనబడతారు, మీరు మాత్రం పరీక్షలో పుంలింగమే రాయండి. అన్నిటికన్నా మనకు కావలసింది ‘వ్రాచ్’, అంటే డాక్టర్. ఇది పుంలింగ పదం. ఆడ డాక్టరైనా ‘అనా ఖరోషియ్ వ్రాచ్’ అనడమే సరైన పద్ధతి. ఆమె అనే మాట పక్కన పుంలింగ విశేషణం చూసి తప్పేమో అనుకోకండి.

నాలుగో మెట్టు: విభక్తులు. ఇక్కడ నిదానంగా నడవండి

పుస్తకం తెరిస్తే ఆరు విభక్తులు, నాలుగు నిలువు వరసలు, మొత్తం 24 గళ్లు కనిపిస్తాయి. చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. నిజానికి ఆ 24 గళ్లలో వేరువేరు రూపాలు 12 మాత్రమే. నాలుగు మీకు ఇప్పటికే వచ్చు. మిగిలినవి ఎనిమిది.

‘ద్రూక్’ అంటే స్నేహితుడు. చివర రాసేది గ, ఒంటరిగా ఉన్నప్పుడు క లా పలుకుతుంది. ఈ స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని నడుద్దాం.

‘కి’ కావాలంటే ‘ఖరోషెము ద్రూగు’. ‘యా పమగాయు ఖరోషెము ద్రూగు’ అంటే నేను మంచి స్నేహితుడికి సాయం చేస్తున్నాను. సాయం చేయడానికి వాళ్లూ ‘కి’ నే వాడతారు, మనలాగే.

‘తో’ కావాలంటే ‘స్ ఖరోషిమ్ ద్రూగమ్’. మంచి స్నేహితుడితో.

‘లో’, ‘గురించి’ అయితే ‘ఖరోషెమ్’. ‘అ ఖరోషెమ్ ద్రూగె’ అంటే మంచి స్నేహితుడి గురించి. ‘ఫ్ ఖరోషెమ్ దోమె’ అంటే మంచి ఇంట్లో. మాస్కోలో పేరున్న బల్షోయ్ థియేటర్ తెలుసు కదా. ‘బల్షోయ్’ అంటే పెద్ద అని అర్థం, అదీ విశేషణమే. ఆ థియేటర్లో అనాలంటే ‘వ్ బల్షోమ్ తియాత్రె’. పేరైనా సరే, విభక్తి తప్పదు.

‘యొక్క’, ‘లేదు’ అనే చోట ‘ఖరోషెవ’. మంచి డాక్టరు లేడు అనాలంటే ‘న్యేత్ ఖరోషెవ వ్రచా’. ఈ రూపం దగ్గర ఒక్క జాగ్రత్త చాలా అవసరం. రాతలో చివర ‘గొ’ ఉంటుంది, పలికేది ‘వ’. ‘ఖరోషెగొ’ అని పలికితే తప్పు. మన పాఠకులకు గోర్కీ పేరు తెలుసు. ఆ కలం పేరు కూడా విశేషణమే, ‘చేదు’ అని అర్థం. మాస్కోలో ఆయన పేరు మీద పెద్ద పార్కు ఉంది. మనం గోర్కీ పార్క్ అంటాం, అక్కడివాళ్లు ‘పార్క్ గోర్కవ’ అంటారు. అక్కడా రాసేది గొ, పలికేది వ. ఈ పార్కు పేరు ఒక్కటి గుర్తుంటే ఈ రూలు గుర్తున్నట్టే.

‘ని’ సంగతి ఆసక్తిగా ఉంటుంది. ‘మంచి డాక్టర్ని వెతుకుతున్నాను’ అంటాం కానీ, ‘మంచి డిక్షనరీ వెతుకుతున్నాను’ అన్నప్పుడు ‘ని’ పెట్టకపోయినా బాగానే ఉంటుంది. ప్రాణమున్నదానికి ‘ని’ కావాలి, లేనిదానికి అక్కర్లేదు. రష్యన్ పుంలింగంలోనూ ఇదే పద్ధతి! ‘యా ఇశ్శూ ఖరోషెవ వ్రచా’ అంటే డాక్టర్ని వెతుకుతున్నాను, రూపం మారింది. ‘యా ఇశ్శూ ఖరోషియ్ స్లవార్’ అంటే డిక్షనరీ వెతుకుతున్నాను, రూపం మారలేదు. ఇంగ్లీషు వ్యాకరణంలో దీనికి పోలిక దొరకదు, అందుకే ఇంగ్లీషులో రాసిన పుస్తకాలు దీన్ని చెప్పడానికి పెద్ద వివరణే ఇస్తాయి. మనకు రోజూ నోట్లో ఆడేదే.

నపుంసకానికి వేరే బాధ లేదు, మొదటి రూపం, ‘ని’ రూపం రెండూ ‘ఖరోషెయె’, మిగిలినవన్నీ పుంలింగం లాగే.

స్త్రీలింగం ఇంకా తేలిక. ‘ని’ కి ‘ఖరోషుయు’: ‘యా చితాయు ఖరోషుయు క్నీగు’, మంచి పుస్తకం చదువుతున్నాను. మిగిలిన నాలుగు విభక్తులకూ ఒకే రూపం, ‘ఖరోషెయ్’. ‘స్ ఖరోషెయ్ పద్రూగయ్’ అంటే మంచి స్నేహితురాలితో, ‘ఫ్ ఖరోషెయ్ క్నీగె’ అంటే మంచి పుస్తకంలో, ‘ఇస్ ఖరోషెయ్ సిమ్యీ’ అంటే మంచి కుటుంబం నుంచి. సందేహం వస్తే ‘ఖరోషెయ్’ అనేయండి, ఎక్కువసార్లు సరిపోతుంది.

బహువచనంలో లింగభేదం లేదు. ‘ఖరోషిఖ్’ యొక్కకూ, గురించికీ, మనుషులైతే ‘ని’ కి కూడా. ‘ఖరోషిమ్’ కి. ‘ఖరోషిమి’ తో. ‘అ ఖరోషిఖ్ ల్యూద్యఖ్’ అంటే మంచి మనుషుల గురించి, ‘స్ ఖరోషిమి ల్యుద్మీ’ అంటే మంచి మనుషులతో. పుంలింగంలో ‘తో’గా వచ్చిన ‘ఖరోషిమ్’ బహువచనంలో ‘కి’ అయింది, గమనించండి.

అంకెలతో కాస్త తిరకాసు ఉంది. ‘ద్వా ఖరోషిఖ్ ద్రూగ’ అంటే ఇద్దరు మంచి స్నేహితులు. ‘ద్వ్యే ఖరోషియె క్నీగి’ అంటే రెండు మంచి పుస్తకాలు. ‘ప్యాత్ ఖరోషిఖ్ క్నీక్’ అంటే అయిదు మంచి పుస్తకాలు. ఈ మూడు వాక్యాలూ పాటలా బట్టీ పట్టండి. కారణాలు రెండో ఏడాదిలో చదువుకోవచ్చు.

అయిదో మెట్టు: వీడ్కోలులో వ్యాకరణం దాక్కుంది

షాపులో బిల్లు ఇచ్చాక ‘ఖరోషెవ ద్న్యా!’ అంటారు. మీ రోజు బాగా గడవాలని. శుక్రవారం సాయంత్రం ‘ఖరోషిఖ్ విఖద్నీఖ్!’ అంటారు. శని, ఆదివారాలు బాగా గడపండి అని. పెద్దవాళ్లు సెలవు తీసుకునేటప్పుడు ‘ఫ్సివో ఖరోషెవ!’ అంటారు. అంతా మంచి జరగాలి అని. అన్నీ ‘యొక్క’ రూపంలోనే ఎందుకున్నాయంటే, ముందు ‘కోరుకుంటున్నాను’ అనే క్రియ దాగుంది, అది ఆ విభక్తినే అడుగుతుంది. క్రియను పలకడం మానేశారు, విభక్తి మిగిలింది. రోజుకు పదిసార్లు వినే ఈ మాటల్ని శ్రద్ధగా వింటే పట్టికలో సగం చెవి ద్వారానే వచ్చేస్తుంది.

ఇదే రూపంతో మరో రెండు: ‘ష్తో ఖరోషెవ?’ అంటే ఏంటి విశేషాలు అని. ‘నిచివో ఖరోషెవ’ అంటే మంచిదేమీ లేదు అని.

పలకరింపుల్లో మాత్రం ‘ఖరోషియ్’ వాడరు. శుభోదయం ‘దోబ్రయె ఊత్ర’, మధ్యాహ్నం ‘దోబ్రియ్ ద్యేన్’, సాయంత్రం ‘దోబ్రియ్ వ్యేచిర్’. ‘దోబ్రియ్’ కూ మంచి అనే అర్థం ఉంది కానీ, మనుషుల విషయంలో అది దయగల, మనసున్న అని. ‘ఖరోషియ్ వ్రాచ్’ అంటే వైద్యం బాగా తెలిసిన డాక్టర్. ‘దోబ్రియ్ వ్రాచ్’ అంటే పేషెంటును ఆప్యాయంగా చూసే డాక్టర్. మన పిల్లలు రెండూ కావాలని నా కోరిక.

ఆరో మెట్టు: ‘నయం’ అంటే ‘లూట్షె’

ఇంతకంటే మంచి అనడానికి ‘ఖరోషియ్’ లోంచి మాట పుట్టదు. వేరే మాట వస్తుంది, ‘లూట్షె’. రాతలో చ, ష ఉంటాయి, వినిపించేది ట్ష. దీనికి తెలుగులో అచ్చుగుద్దినట్టు సరిపోయే మాట ‘నయం’. ‘వాడికంటే వీడు నయం’ అంటాం, జ్వరం తగ్గితే ‘ఇప్పుడు నయంగా ఉంది’ అంటాం, ‘వెళ్లకపోవడమే నయం’ అంటాం. మూడు చోట్లా రష్యన్లు ‘లూట్షె’ నే అంటారు. ‘ఓన్ లూట్షె’, వాడు నయం. ‘మ్న్యే లూట్షె’, నాకు నయంగా ఉంది. ‘లూట్షె న్యే’ తో మొదలుపెడితే చేయకపోవడం నయం అనే సలహా. వార్డులో ‘మ్న్యే లూట్షె’ అనే మాట విన్న రోజు ఎంత ఊరటగా ఉంటుందో చెప్పలేను.

‘లూట్షె’ మారదు. అన్నిటికంటే మంచి అనే ‘లూట్షియ్’ మాత్రం ‘ఖరోషియ్’ లాగే అన్ని రూపాలూ తిరుగుతుంది: ‘మోయ్ లూట్షియ్ ద్రూక్’ నా ప్రాణ స్నేహితుడు, ‘మయా లూట్షయ పద్రూగ’ నా ప్రాణ స్నేహితురాలు. ‘ఎక్కువ’ అనే మాట తెచ్చి ‘ఖరషో’ ముందు పెట్టి తంటాలు పడకండి, ‘లూట్షె’ ఒక్కటి చాలు.

ఏడో మెట్టు: పొట్టి రూపాలు, జాగ్రత్తగా

‘ఖరోష్, ఖరషా, ఖరషో, ఖరషీ’ అని నాలుగు పొట్టి రూపాలున్నాయి. ఇవి మామూలుగా వాక్యం చివరి భాగంలోనే వస్తాయి, నామవాచకం ముందు రావు. అర్థం కూడా కాస్త జరుగుతుంది. ‘అనా ఖరోషయ’ అంటే మంచి మనిషి అని. ‘అనా ఖరషా’ అంటే చూడ్డానికి బాగుంది, అందగత్తె అని. మీ టీచరమ్మ గురించి మెచ్చుకోలుగా చెప్పాలనుకుని ఈ రెండో మాట అనేస్తే ఇబ్బంది. కొత్తలో పొడుగు రూపానికే కట్టుబడి ఉండండి.

ఒంటరిగా ‘ఖరోష్!’ అంటే ‘ఇక చాలు, ఆపు’ అని. కుర్రాళ్లు తమలో తాము అనుకునే మాట, పెద్దవాళ్ల దగ్గర అనకూడదు. ‘ఖరోష్ ద్రూక్!’ అని సాగదీస్తే మెచ్చుకోలు కాదు, దెప్పిపొడుపు. మనం ‘బాగుంది సంబడం!’ అన్నప్పుడు నిజంగా బాగున్నట్టు కాదు కదా, అలాగే.

మార్కుల దగ్గర కూడా ఈ మాట తెలిసి ఉండాలి. అక్కడ గ్రేడ్లు 5 నుంచి కిందికి లెక్క. 5 అంటే ‘అత్లీచ్న’, 4 అంటే ‘ఖరషో’, 3 అంటే ‘ఉదవ్లెత్వరీతెల్న’, అంటే సరిపెట్టుకోదగ్గది. పరీక్ష అయ్యాక మీ రికార్డు పుస్తకంలో టీచర్ ‘ఖోర్.’ అని పొట్టిగా రాస్తే అది ‘ఖరషో’. బాగుంది అన్నారు కదా అని అదే అన్నిటికంటే పై గ్రేడు అనుకోవద్దు, పైన ఇంకొకటి ఉంది.

రోజూ చేయాల్సింది

పట్టికను గోడకు అంటించండి, కానీ దాన్ని బట్టీ పట్టకండి. రోజుకు ఒక నామవాచకం తీసుకోండి, అది మీ చుట్టూ ఉన్నదై ఉండాలి. సోమవారం పుస్తకం, మంగళవారం డాక్టర్, బుధవారం ఇల్లు. దానితో ఆరు తెలుగు వాక్యాలు రాయండి: అది ఉంది, అది లేదు, దానికి, దాన్ని, దానితో, దాని గురించి. ఒక్కో వాక్యంలో ‘మంచి’ ఉండాలి. అప్పుడు రష్యన్‌లోకి మార్చి, గట్టిగా చదవండి. మనసులో చదివితే ఊనిక కుదరదు. మూడు వారాలు ఇలా చేస్తే చాలావరకు ఆలోచించకుండానే వస్తుంది. ఆ రోజు బయట విన్న ‘ఖరోష్…’ మాట ఏదైనా ఉంటే రాత్రి పడుకునే ముందు నోట్‌బుక్‌లో రాసుకుని, ఏ విభక్తో పక్కన రాయండి.

ఇది పట్టుబడ్డాక ఇదే అచ్చులో పోసినవి బోలెడు దొరుకుతాయి. ‘గర్యాచియ్’ అంటే వేడి. ‘స్తార్షియ్’ అంటే పెద్ద, సీనియర్. హెడ్ నర్సును ‘స్తార్షయ మిత్సిస్త్రా’ అంటారు, వార్డులో మీకు ముందుగా పరిచయం కావలసిన మనిషి ఆవిడే. ఎండాకాలంలో పైపుల మరమ్మతుల కోసం కొన్నాళ్లు ఊళ్లో వేడినీళ్లు ఆపేస్తారు. అప్పుడు హాస్టల్లో అందరి నోటా ‘గర్యాచుయు వోదు అత్క్ల్యుచీలి’ అనే మాటే, వేడినీళ్లు ఆపేశారు అని. ‘ఖరోషుయు’ తెలిసినవాళ్లకు ‘గర్యాచుయు’ కొత్త కాదు.

‘బల్షోయ్’ తో మాత్రం జాగ్రత్త. అందులోనూ ష ఉంది, కానీ ఊనిక తోక మీద పడుతుంది. ఊనిక పడ్డ చోట ఒ నిలబడుతుంది, అందుకే ‘బల్షోవ’, ‘బల్షోము’. ఊనిక లేని చోట ష తర్వాత ఒ రాయకూడదు, ఎ రాయాలి, అందుకే ‘ఖరోషెవ’, ‘ఖరోషెము’. కొత్త విశేషణం ఎదురైనప్పుడల్లా ముందు ఊనిక ఎక్కడుందో డిక్షనరీలో చూసి, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే తోకలు రాయండి.